ఇరవై నిమిషాలు

గొంబోరి కనుమ ఎక్కుతుంటే
పదిహేడో మలుపు దగ్గర చచ్చిపోతుంది నా ఓపెల్.
దగ్గదు, మూలగదు.
మాట్లాడుతూ మాట్లాడుతూ మనిషి లేచి వెళ్లిపోయినట్టు
ఉత్తినే ఆగిపోతుంది.
ఇరవై నిమిషాలు చల్లారనిస్తే
ఏమీ ఎరగనట్టు లేస్తుంది.

పెట్రోలు పంపన్నాడు మా తమ్ముడు జౌర్.
మార్పించాను.
కాయిలన్నాడు తెలావిలో మెకానిక్కు.
అదీ మార్పించాను.
దిష్టి అంది పక్కింటి ఎతేరి,
ఆవిడ మాత్రం డబ్బు తీసుకోలేదు.
అమ్మిపారెయ్యమన్నాడు మళ్లీ జౌర్.
ఆ రోజు ఫోన్లోనే మాట తెంచుకున్నాం.

ముప్పై ఏళ్లు పిల్లలకు కరెంటు పాఠం చెప్పినదాన్ని,
నా కారు నాకు అర్థం కాకపోవడమేమిటి?

ఆదివారం పొద్దున్నే
వెనక చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టి
ముందు చక్రాల్ని దుంగల మీదికెక్కించి
అట్టపెట్టె పరుచుకుని వెల్లకిలా దూరాను.
ఆయిల్ ఫిల్టర్ వెనక, చెయ్యి పట్టీ పట్టని సందులో
బొటనవేలంత నల్లటి సెన్సర్.
క్రాంకు ఎంత తిరిగిందో కనిపెట్టి
పైకి కబురు పంపడం దాని ఉద్యోగం.
ఒకే ఒక్క బోల్టు.
ఆ ఒక్కటీ పాతికేళ్ల మట్టీ నూనే తాగి
కదలనని మొండికేసింది.
కిరోసిన్ పోశాను, తిట్టాను,
లోపలికెళ్లి భోంచేసి వచ్చాను.
అప్పుడు కదిలింది,
నా మణికట్టు తోలు కొంత పుచ్చుకుని.

వంటింటి బల్ల మీద మీటరు పెట్టి చూశాను.
ఎనిమిది వందల అరవై ఓములు.
నిక్షేపంలా ఉంది!
మరి తప్పెవరిది?
హెయిర్ డ్రయ్యర్ తెచ్చి
దాని మొహాన వేడిగాలి కొట్టాను.
తొమ్మిది వందలు. వెయ్యి. వెయ్యిన్నూట పది.
ఆపైన అంకెలే లేవు.

లోపలెక్కడో వెంట్రుకంత రాగితీగ
వేడెక్కితే విడిపోతోంది.
కిటికీలో పెట్టాను, చల్లబడింది,
మళ్లీ ఎనిమిది వందల అరవై.
మూడుసార్లు చేశాను.
రెండోసారికే తెలిసిపోయింది,
మూడోది నా సంతోషానికి.

కొత్తది రెండు కోళ్ల ఖరీదు.
గూడు గుడ్డతో తుడిచి, దాన్ని కూర్చోబెట్టి,
బోల్టు బిగించి, చేతులింకా కడక్కుండానే
జౌర్‌కు ఫోన్ చేశాను.
"దొరికింది" అన్నాను.
కాసేపు అటునుంచి గాలి చప్పుడు.
"ఎన్నో నంబరు పానా?" అన్నాడు.
"పది."
"ఊఁ" అన్నాడు. పెట్టెయ్యలేదు.

పదిహేడో మలుపులో తేనె అమ్మే మాల్ఖాజ్
రెండేళ్లుగా నాకోసం ఒక స్టూలు ఉంచుతున్నాడు.
దూరం నుంచే నన్ను చూసి దుమ్ము దులిపాడు.
ఈసారి కారు ఆగలేదు, నేనే ఆపాను.
ఇంజిన్ మాత్రం ఆపలేదు.
స్టూలు మీద కూర్చుని
ఇరవై నిమిషాలూ విన్నాను.

"పెట్రోలు దండగ కదా టీచరమ్మా" అన్నాడు.
"ఉష్, వినపడనీ" అన్నాను.