బస్తా పడ్డ చప్పుడు

మిర్యాలగూడల రెండు బియ్యం మిల్లుల నడుమ
మా మిక్సింగ్ షాపు.
పొద్దుగాల షట్టర్ లేపితే
కీబోర్డు మీద సన్నటి తౌడు,
ఒక్క రాత్రికే అక్షరాల తల నెరిసినట్టు.

పెండ్లిళ్ల సీజన్ల మా కంప్యూటర్ మొండి గొడ్డు.
రెండర్ పెడితే సగందాక మంచిగనే పోతది,
అరవై మూడు శాతంకాడ కూలబడ్తది.
ర్యామ్ పెంచుమన్నడు మెకానిక్, పెంచిన.
డిస్క్ మార్చుమన్నడు, మార్చిన.
చిట్టీ పైసలు ఒడిసినయ్ గని
అరవై మూడు అరవై మూడే.

ఒకనాడు తిక్కలేసి పక్క రేకు ఊడదీసిన.
ఫ్యాన్ రెక్కలకు ఊక, బూడిద,
ఒక బల్లిగుడ్డు పెంకు.
దోసెడు వెళ్లింది.
పని రాక కాదు,
ఊపిరి ఆడక ఆగుతున్నది ఇన్నొద్దులు.
ఆనాటి సంది దాన్ని తిట్టుడు బంద్ వెట్టిన.

అయినా రోగాలన్నీ దుమ్మువి గావు.

శోభారాణి వచ్చి
గోరంత కార్డు నా అరచేతుల వెట్టింది.
"మా నాయిన ఎల్లమంద, హమాలీ.
ముప్పై ఒక్క ఏండ్లకు పని దిగిండు.
మిల్లోళ్లు నిలబెట్టి మాట్లాడిచ్చిన్రు,
ఎవరో ఫోన్ల తీసిన్రు.
పదకొండు నిమిషాలన్నా!
ఇంట్ల ఒక్కనాడు పదకొండు మాటలు మాట్లాడలే."

టైమ్‌లైన్ మీద పరిచిన.
మొదట మంచిగనే ఉంది.
మూడో నిమిషంల మాట ముందు ఉరికింది,
నోరు ఎనకవడ్డది.
పదో నిమిషానికి
గొంతు "ఇగ సెలవు" అని చెప్పేసింది,
పెదవులు ఇంకా ఎవరి పేరో పిలుస్తనే ఉన్నయ్.

ఫోన్ ఒక్క తీరుగ తియ్యదు.
ఎండల సెకనుకు ముప్పై బొమ్మలు,
షెడ్డు నీడల ఇరవై నాలుగు,
వేడెక్కితే దానిష్టం.
బొమ్మది బరువు మోసేటోని నడక,
గొంతుది గడియారం నడక.
ఇద్దరినీ ఒక్క తొవ్వల నడిపియ్యాలె.

ఫార్మాట్ మార్చిన.
సెకనుకు ఇరవై అయిదు,
ఒకటి ఎక్కువ లేదు, తక్కువ లేదు.
ఫైలు ఏడింతలు ఉబ్బింది.
నడుమ రెండుసార్లు కరెంటు పోయింది.
తెల్లారి చూస్తే ఇంకా ఎనిమిది ఫ్రేముల తేడా.

పెండ్లి వీడియో అయితే
డోలు దెబ్బ పట్టుకొని అతికిస్త.
ఇక్కడ డోలేది?
చప్పట్లు గూడ సక్కగ కొట్టలే.

అప్పుడు కనవడ్డది,
ఆయన ఎనక, మసక మూలకు,
లారీ మీదికెల్లి బస్తా దించుతున్న పిలగాడు.
సభ ఉన్నా లోడు ఆగదు గద.
ధబ్!
గొంతు గీత మీద ఒక ముల్లు లేచింది.
బస్తా నేలను తాకిన ఫ్రేము వెతికి
ముల్లు కిందికి జరిపిన.
చివర్ల ఇంకో బస్తా దొరికింది.
ఆ రెండింటి నడుమ గొంతును
బట్టలారేసే తీగె లెక్క గుంజి కట్టిన.

మాట, మూతి కలిసినయ్.

కలిసినంక నెమ్మదిగ తిప్పి చూసిన, మెచ్చుకుందామని.
బస్తా పడ్డప్పుడల్లా
ఎల్లమంద కుడి భుజం కొద్దిగ కుంగుతున్నది.
మీద ఏం లేదు, శాలువా తప్ప.
అది గూడ చప్పుడు కన్న
రెండు ఫ్రేములు ముందే.
ఆయన ఎనకకు చూడనన్న లేదు.

నా తప్పేమోనని మళ్ల లెక్కవెట్టిన.
మొదటి బస్తాకాడ రెండు. నడిమి దానికి రెండు.
చివరికీ రెండే.
దాన్ని మాత్రం దిద్దలే.

శోభారాణి టీవీల ఆడుతదో లేదోనని
పాత ఫార్మాట్ల ఒకటి, కొత్తదాంట్ల ఒకటి
పెన్‌డ్రైవ్‌ల ఎక్కిచ్చిచ్చిన.
"ఏం చేసినవన్నా దీనికి?" అన్నది.
"దుమ్ము దులిపిన" అన్న.