స్క్రూలో ఆట

బ్రాకెట్లు కోసింది అదే.
తన చేతిచక్రాలు ఊడదీసి
మోటార్లు బిగించడానికి కావలసిన అల్యూమినియం పలకల్ని
నేను తిప్పుతుంటే తనే కోసిపెట్టింది,
ఎందుకని అడగకుండా.
నాకే కాస్త సిగ్గేసింది.

చివరి కన్నం వేశాక మూడు చక్రాలూ విప్పాను.
ఎడమదాని పిడికి నల్లరంగు
నా బొటనవేలు ఆనే చోట మాత్రమే పోయింది.
పదకొండేళ్ళు మరి.
పారేయబుద్ధి కాక
ఖాళీ కాఫీ డబ్బాలో వేసి మూత పెట్టాను.

కొక్కొలాలో జనవరి. బయట మైనస్ ఇరవైరెండు.
గ్యారేజీ హీటరు మోకాళ్ళ దాకానే మనిషిని నమ్ముతుంది.
గ్రీజు పేరిన వెన్నలా ఉంది, వేలితో తీసి రాయాలి.
పక్కింటి ఏమెలి నోట్లో స్క్రూడ్రైవరు కరుచుకుని
ఎర్రతీగ ఎర్రదానికి, పచ్చతీగ దేనికో కలుపుతూ
"టువోవీ, ఇక నువ్వు కూర్చుని కాఫీ తాగొచ్చు,
చెయ్యి పెట్టక్కర్లేదు" అన్నాడు.
ఆ మాట నాకు నచ్చిందో లేదో
చాలాసేపు తేలలేదు.

మొదటి పని ఒక రీలు.
గడ్డకట్టిన సముద్రానికి కన్నం తొలిచి
స్టూలేసుకుని చేపకోసం కూర్చునే మా అక్క హెల్లెవికి.
గ్లవుజులతో తిప్పేంత పెద్దది కావాలంది.
ఏమెలి బటన్ నొక్కాడు.
పిడి లేని ఇరుసు తనంతట తను తిరుగుతుంటే
ఎవరూ కూర్చోని ఊయల ఊగినట్టు
ఒళ్ళు జలదరించింది.
మోటార్ల గొంతు
దోమకీ వయొలిన్‌కీ మధ్య ఎక్కడో ఉంది.
వెండి తరుగు నా బూట్ల మీద రాలింది.

గుండ్రంగానే వచ్చింది.
కళ్ళు ఒప్పుకున్నాయి, గోరు ఒప్పుకోలేదు.
అంచు వెంట రాసుకుంటూ పోతే
నాలుగుచోట్ల తట్టుకుంది,
సరిగ్గా నాలుగు దిక్కుల దగ్గర,
వలయం వెనక్కి తిరగాల్సిన మలుపుల్లో.

రాత్రి పదకొండు దాకా ఏమెలి ప్రోగ్రాములో తప్పు వెతికాడు.
చుక్కలు లెక్కపెట్టాడు, కేబుళ్ళు మార్చాడు,
ఒకసారి మిషన్ని తిట్టాడు, ఒకసారి తన చదువుని.
నేను అతను చెప్పినట్టే కూర్చుని కాఫీ తాగుతున్నాను.
నా కుడిచెయ్యి మాత్రం
ఖాళీ గాలిలో ఏదో తిప్పుతోంది:
వెనక్కి, కావలసినదానికంటే కాస్త ఎక్కువ వెనక్కి,
మళ్ళీ ముందుకి.

అప్పుడు చూశాను దాన్ని.

స్క్రూకీ నట్టుకీ మధ్య ఆట.
దిక్కు మార్చినప్పుడల్లా
చక్రం తిరుగుతుంది, బల్ల కదలదు,
పిలిస్తే ఒక్క క్షణం ఆగి పలికే మనిషిలా.
ఆ క్షణాన్ని దాటేసి వచ్చి అందుకోవడం
నా చెయ్యి ఎప్పుడు నేర్చిందో, నాకు చెప్పలేదు.
కంప్యూటరుకి ఎవరు చెబుతారు?
అది అడిగిన దూరమే వచ్చిందనుకుంటుంది.
నమ్మకస్తుల తప్పు అలాగే ఉంటుంది.

డయల్ గేజ్ ఆనించాం. ముల్లు నిద్రపోయింది.
ఏమెలి మోటార్ని ఒక్కొక్క అడుగే వెనక్కి వేయించాడు,
ముల్లు లేచేదాకా నేను ఊపిరి బిగబట్టాను.
ఒక దిక్కున మిల్లీమీటరులో పద్నాలుగు వందో వంతులు.
ఇంకో దిక్కున తొమ్మిది.
అంతే. నా పదకొండేళ్ళ ఓపిక
రెండు గడుల్లో పట్టింది, ఒక గడి ఖాళీగా కూడా ఉంది.

రెండో రీలు అంచు మీద గోరు
ఆగకుండా జారింది.
ఏమెలి గెంతాడు, తల దీపానికి తగిలింది.
మొదటి రీలు నాకిచ్చెయ్ అన్నాను.
తప్పుదేమీ కాదు, కొంచెం నాలుగుపలకల గుండ్రం.

అతను వెళ్ళాక కరెంటు తీసేశాను.
మోటారు వెనక ఇరుసు ముక్క కాస్త బయటికి ఉంటుంది.
డబ్బా మూత తీసి, ఎడమ చక్రాన్ని దానికి తొడిగాను.
తిప్పితే ఇప్పుడు మెత్తగా లేదు,
లోపల అయస్కాంతాలు
ఒక్కో మెట్టూ లెక్కపెట్టి వదులుతున్నాయి.
వెనక్కి తిప్పాను.
మెట్టు, మెట్టు, మెట్టు.
బల్ల కదల్లేదు.

ఉంది. అక్కడే ఉంది.