తర్వాతి మంగళవారం

ఆ ఏటి క్యాలెండరులో దసరా మంగళవారమే పడింది.
సిరిమాను కూడా ఆ రోజేనంది నా ప్రోగ్రాం.
నేను నమ్మాను. ప్రెస్సు నమ్మింది.
మూడు వేల గోడ క్యాలెండర్లు
కొన్ని రైసుమిల్లు పేరుతో, కొన్ని నగల కొట్టు పేరుతో
ఎర్రసిరా ఆరీ ఆరకముందే
విజయనగరం మేకులకు ఎక్కేశాయి.

మొదట పట్టుకున్నది పూలకొట్టు అప్పయ్యమ్మ.
కాగితం మీద తడివేలు పెట్టి
"దసరా తరవాత మంగలారం కదేటమ్మా!
తరవాత అంటే ఆ రోజేటి?
బువ్వ తిన్న తరవాత రమ్మంటే
తింటన్నప్పుడే వొచ్చీసినట్టుంది మీ యవ్వారం" అంది.

రాత్రి తెరిచి చూశాను.
నూట పదిహేడో వరుసలో
ఒక సమం గుర్తు ఎక్కువుంది.
రెండు చిన్న గీతలు,
అమ్మవారి దారికి అడ్డంగా పడిన చీపురుపుల్లలు.

తియ్యడానికి అర నిమిషం పట్టింది.
మూడు వేల గడుల మీద తెల్లచీటీ అంటించడానికి
నాకూ, ఓనరు పతివాడ సూర్రావుకీ,
వాళ్ళబ్బాయి సైకిలుకీ
పన్నెండు రోజులు.

మైదా జిగురు గోళ్ళలో ఎండిపోతుంటే అప్పుడనిపించింది,
ఈ లెక్కలు నా ఒక్కదాని పెట్టెలో ఉండకూడదని.
అప్పయ్యమ్మ వేలు లాంటి వేళ్ళు ఇంకా కావాలి వీటికి.

అన్నీ విప్పి బయట పెట్టాను.
తిథి ఎక్కడ పుడుతుందో,
ఏ సూర్యోదయాన్నీ తాకకుండా జారిపోయే తిథిని
ఏ రోజు ఖాతాలో రాయాలో,
అధికమాసం వస్తే ఏ పండగ ఎటు జరగాలో.
ఎవరైనా వాడుకోవచ్చు, దిద్దుకోవచ్చు,
నన్నడగక్కర్లేదు అని పైన రాశాను.
ఆ ముక్క దగ్గర మాత్రం చెయ్యి ఆగింది కాసేపు.
జీతం పెంచమని ఇంకా అడగని మనిషిని.

ఎనిమిది నెలలు ఎవరూ రాలేదు.

తర్వాత భావనపాడు నుంచి మైలపిల్లి ఎర్రయ్య,
వలలు అల్లే ఇంటి కుర్రాడు,
వేట మూసే రోజులూ తెరిచే రోజులూ చేర్చి పంపాడు.
కంచిలి నర్సు రాసింది:
"బిడ్డ ఎప్పుడు పుట్టాడంటే పోలాల అమాస మర్నాడంటారు.
టీకా రాసుకోవాలి, నాకు తేదీ కావాలి."
లెక్కను వెనక్కి నడిపించాను.
ఊరు చెప్పని ఎవరో
నా ఇంకో తప్పు దిద్ది, పేరైనా పెట్టకుండా వెళ్ళిపోయారు.
ఆ రాత్రి వాళ్ళకి టీ పోయాలనిపించింది.

మందస కొండ మీంచి సవర లచ్చయ్య మాస్టారు అడిగారు:
"మా ఊరి మామిడి కొత్త కూడా పెట్టండి."
ఏ తిథి అన్నాను.
తిథి లేదు.
పోనీ ఏ వారం?
"ముందు చెట్టు చెప్పాలి. తర్వాత ఎజ్జోడు చెప్పాలి.
అప్పటిదాకా కాయ నోట పెట్టం."

నా ప్రోగ్రాముకు తెలిసినవి రెండే,
తేదీ ఇవ్వడం, తప్పని అరవడం.
ఖాళీ గడి చూస్తే చాలు, తెరంతా ఎర్రగా అయ్యేది.
మూడు రాత్రులు దానితో గొడవపడ్డాను.
వైశాఖంలో ఏదో ఒక రోజు పెట్టేస్తే పోయేది.
పెట్టాను కూడా.
మళ్ళీ తెల్లచీటీలు గుర్తొచ్చి కొట్టేశాను.

చివరికి దానికి మూడో మాట నేర్పాను:
ఇంకా చెప్పలేదు.
అది తప్పు కాదు, అరవకు,
మిగతా నెల గీసుకుంటూ పో అన్నాను.
పోయింది.

ఈ ఏడు మందసకి వంద కాపీలు.
సూర్రావు మొదటి షీటు వెలుగులో పట్టుకుని చూశాడు.
అడుగున మామిడి కొత్త, పక్కన గడి,
గడిలో ఏమీ లేదు.
"అంకె పడలేదేటి?"
పడదు, వాళ్ళే రాసుకుంటారన్నాను.
"దేంతో?"
జవాబు నా దగ్గర లేదు.

సొరుగు లాగి పెన్సిళ్ళు లెక్కపెట్టాడు. యాభై ఉన్నాయి.
"రెండేసి ముక్కలు సేస్తే సరిపోతాయి,
దారం నువ్వు కట్టు" అని
పేపరు కోసే కత్తి దగ్గరికి వెళ్ళాడు.