గీత పక్క మనిషి

ముప్ఫై ఒక్క ఏళ్లు
సున్నం గీత పక్కనే పరిగెత్తాను.
పైసాందూ మైదానాల్లో నా పేరు ఎవరికీ పట్టలేదు,
నా చేతిలో జెండాని మాత్రం అందరూ తిట్టారు.
గీతంటే నాకు గీతే.
ముక్కుసూటి మనిషివని మా ఆవిడ ఇర్మా
మెచ్చుకుంటూ అందో, విసుక్కుంటూ అందో
ఇప్పటికీ తేలలేదు.

మొదట వంగింది స్నానాలగది గచ్చు.
పలకల మధ్య సందులు
నీళ్లలో ముంచిన పుల్లల్లా వంకరపోయాయి.
మేస్త్రీని పిలిపించాను.
అతను మోకాళ్ల మీద వంగి, రసమట్టం పెట్టి చూసి
"గచ్చు బాగానే ఉంది, దోన్ ఒలెగారియో" అన్నాడు.
డబ్బులు తీసుకోకుండా వెళ్లిపోయాడు.
భయమేసింది అప్పుడే.

కంటి వెనక తెర నడిమధ్యన
పప్పుబద్దంత పచ్చటి చోటు ఉంటుందట,
డాక్టరమ్మ సుల్మా బొమ్మ గీసి చెప్పింది.
అక్షరాలూ సూదిబెజ్జాలూ మనుషుల మొహాలూ
అన్నిటి కాపురమూ అక్కడేనట.
ఎడమకంట్లో అది మెల్లగా ఎండిపోతోంది.
కుడికంట్లో పిచ్చి రక్తనాళాలు మొలిచి కారుతున్నాయి.
"చీకటైపోతుందా?" అన్నాను.
"నడుమ పోతుంది. అంచులు మీవే."
అంచులు!
బతుకంతా అంచుమీదే గడిపినవాడికి
అది ఓదార్పో, ఎగతాళో.

కారే కన్నుకి నెలకో సూది.
తిమ్మిరి చుక్కలు వేస్తారు,
నొప్పికన్నా దాని ఊహే పెద్దది.
పోయింది రాదు, ఉన్నది నిలబెట్టడానికే ఈ పాట్లు.
ఎండే కన్నుకి ఇక్కడ సూది లేదు.
సిగరెట్లు మానేశాను.
మాతే మాత్రం మాననన్నాను.
మానక్కర్లేదంది.

ఫ్రిజ్ తలుపు మీద గళ్ల కాగితం.
రోజూ పొద్దున్నే ఒక కన్ను మూసుకుని
నడిమి చుక్కకేసి చూస్తాను.
గీత కొత్తగా వంగితే ఆ రోజే ఫోను చెయ్యాలి.
అంటే మళ్లీ పాత ఉద్యోగమే,
జెండా లేదు, అంతే.
ఇర్మా పొయ్యి మీటకి ఎర్ర గోళ్లరంగు పూసింది.
పాలు నల్లకప్పులో, కాఫీ తెల్లకప్పులో.

ఇక ఓరచూపు నేర్పడానికి ఒక కుర్రపిల్ల వచ్చేది.
చూడాలనుకున్నదాన్ని చూడకు తాతా,
దాని పక్కనున్నదాన్ని చూడు,
అసలుది అంచులోంచి తనే వస్తుంది.
డెబ్భై ఎనిమిదో ఏట ఓరచూపులు!
ఇర్మా చెవి కమ్మకేసి చూస్తే
ఇర్మా మొహం దొరుకుతుంది.
"పెళ్లికి ముందు ఒక్కసారైనా ఇలా చూశావా?" అని నవ్వింది.

మొన్న ఆసుపత్రి బెంచీ మీద, సూది వరసలో,
నా పక్కన ఒక దగ్గు వచ్చి కూర్చుంది.
ఆ దగ్గు నాకు తెలుసు.
తబారే సుగాస్తి.
డెబ్భై నాలుగు, ఆఖరి మ్యాచ్, ఎనభై ఎనిమిదో నిమిషం,
అతని గోలు మీద నేనెత్తిన జెండా.
ఆ రాత్రి మా కిటికీకి రాయి తగిలింది.

"చెప్పు, అది ఆఫ్‌సైడేనా?"

మొహం ఉండాల్సిన చోట బూడిదరంగు మరక.
దాని చుట్టూ టోపీ, తెల్లజుట్టు, చొక్కా కాలరు.
అతని చెవి దాటి గోడ గడియారంకేసి చూశాను.
"అప్పుడూ ఇంతే, మొహం తిప్పేసుకున్నావు."
"తిప్పుకోలేదు.
ఇప్పుడు నేను సూటిగా చూడటమంటే ఇదే."
మెల్లగా, అంచులోంచి
ముక్కు వచ్చింది, తర్వాత ఒక కన్ను.
అది నాకేసి చూడటం లేదు,
నా భుజంకేసి చూస్తోంది.

"బెత్తెడు," అన్నాను. "బెత్తెడు ముందున్నావు."
"బెత్తెడా?"
"జానెడేమో."
దగ్గాడో, నవ్వాడో.

లోపల్నించి నర్సు ఒక పేరు పిలిచింది.
ఎవరిదో సరిగా వినబడలేదు.
ఇద్దరం లేచాం.