పావు బిళ్ళ

ఎగ్మూర్ రైలు కూతలు వినబడే వార్డులో
మొదటి నెల మందుకే
మా జోషిత నెత్తురు అడుగంటింది.
తెల్ల కణాలు మూడు వందలన్నారు.
నోరంతా పుండ్లు. ఇడ్లీ కాదు కదా,
ఉమ్మి మింగాలన్నా ఏడుపే.

"బిళ్ళ రోజుకి ఒకటే ఇచ్చావా, రెండా?"
డాక్టరమ్మ అరవంలో ఒకసారి అడిగింది,
నాకు తెలిసేట్టు తెలుగులో ఇంకోసారి.
ఒకటే, అన్నాను.
నర్సు పొన్నరసి బిళ్ళల అట్ట తీసుకుని
ఖాళీ గుంటలు లెక్కపెట్టింది.
లెక్క తేలేదాకా మా ఆయన మస్తానయ్య
కిటికీలోంచి బస్సుల్ని చూస్తా ఉన్నాడు.
సరిపోయింది.
అప్పటికీ ఇటు తిరగలేదు.

ఊదా మూత గొట్టంలో
చెంచాడు కూడా లేని నెత్తురు యాడికో పోయింది.
పదకొండు రోజులకి కాయితమై తిరిగొచ్చింది.
"ఈ మందుని విరిచి బయట పారేసే పనివాడు
ఈ పిల్ల ఒంట్లో లేడమ్మా.
ఇచ్చిందంతా లోపలే పేరుకుంటుంది."

పక్క మంచం పిల్లాడిదీ అదే జబ్బు, అవే తొమ్మిదేళ్ళు.
రోజుకి బిళ్ళన్నర మింగి
వరండాలో బంతి తంతున్నాడు.

"ఎవరి వైపు నుంచి వచ్చింది?"
మస్తానయ్య అడిగాడు.
నాయుడుపేట నుంచి వాళ్ళమ్మ
ఫోనులో అడగమన్నట్టుంది.
"ఒక అక్షరం నీది, ఒకటి ఆమెది.
రెండూ కలిస్తేనే ఇట్టా."
పెళ్ళయిన పన్నెండేళ్ళలో
మేమిద్దరం చెరిసగం కట్టిన చీటీ
ఇదొక్కటే.
నవ్వొచ్చింది. ఆ వార్డులో నవ్వకూడని నవ్వు.
కొంగు అడ్డం పెట్టుకున్నా.

ఇప్పుడు వారం మొత్తానికీ ఒకటే బిళ్ళ.
సోమ, బుధ, శుక్ర, ఆదివారాలు. పావు, పావు.
నేనేనాడూ దేన్నీ కొలిచి వండలేదు,
ఉప్పెంతో నా చేతికే తెలుసు.
పుదుప్పేట అద్దె గదిలో ఆ చేతికి
పొన్నరసి ఇచ్చిన తొడుగు వేసుకుని
ఊపిరి బిగబట్టి కోస్తున్నా.
మొదటి వేటుకి సగం.
రెండో వేటుకి పావు,
ఇంకో పావు కొంచెం పెద్దదిగా.

"మిగతా మూడు ముక్కలూ ఎవురికి మా?"
"నీకే. ఎల్లుండికి, ఆపైన ఎల్లుండికి."
"మరి ఆ పెద్దది?"

లైటు కింద పెట్టి అటూ ఇటూ తిప్పి చూశా.
పెద్దదే.
రేపు పొన్నరసిని అడగాలి.