జ కింద ఒత్తు

కొత్తపేటలో, మూతపడ్డ సినిమాహాలు గోడ పక్కన
మా బండి బోర్డు మీద ‘బాజీ బజీ’ అని ఉంటుంది.
జ కింద ఒత్తుకి వేరే డబ్బులు అడిగాడట పెయింటరు.
‘తినేవాడికి ఒత్తు నోట్లో తగులుద్దిలే’ అని
బాజీ మామ అట్టాగే ఉంచేశాడు,
ఇరవై రెండేళ్లు.

గుంటూరు అనగానే మీరు
యార్డులో తుమ్ములు తెప్పించే ఎర్రటి గుట్టల్ని తలుస్తారు.
ఆ కాయ కాదు బాబూ.
బజ్జీకి లేత పచ్చది కావాలి, జానెడు పొడవు,
కొంచెం మంకుగా వంగి,
కారం కంటే కండ ఎక్కువున్నది.
తొడిమ తుంచకూడదు.
అది పట్టుకునే కదా నూనెలోకి దింపేది,
పిల్లాడి రెక్క పట్టుకుని కాలవలోకి దింపినట్టు.

నిలువునా ఒక్క గాటు.
గింజలు పుల్లతో గీకెయ్యాలి.
వాము, ఉప్పు, చిక్కటి చింతపండు గుజ్జు
కడుపులో కూరి, వేలితో నొక్కి మూసెయ్యాలి.
శనగపిండిలో నీళ్లెన్ని అంటే మామ చెప్పడు.
వేలు ముంచి తీస్తే
చర్మం కనపడకూడదు, గోరు మాత్రం తెలియాలి. అంతే లెక్క.

పదకొండేళ్లప్పుడు ఉల్లిపాయలు తరగడానికి చేరాను.
కళ్లు మండి ఏడుస్తుంటే
మొదటి పాఠం చెవికి చెప్పాడు.
‘విను సువార్తా.
పిండి పడగానే నూనె గోలగోలగా అరుస్తుంది.
అది నూనె గోల కాదు, లోపలి నీళ్ల గోల.
కాసేపటికి సణుగుతుంది.
సణుగుడు సన్నబడి గుసగుస అయినప్పుడు తియ్యి.
మొత్తం నోరు మూసుకుందా, మాడినట్టే.’

తీసి చల్లార్చడం,
అడ్డంగా ముక్కలు కోసి మళ్లీ వేయించడం,
పైన ఉల్లిపాయ, కొత్తిమీర, నిమ్మరసం,
ఇవన్నీ ఎవరైనా నేర్పుతారు.

పోయిన వానాకాలం నుంచి
‘నాలుగు ప్లేట్లు’ అంటే మామ రెండు ఇస్తున్నాడు.
చిల్లర అడిగితే చట్నీ వేస్తున్నాడు.
ఆటోవాళ్లు నవ్వారు. ఓసారి నేనూ నవ్వాను.
తర్వాత తెలిసింది,
కుడి చెవి పూర్తిగా, ఎడమది ముప్పాతిక.
డాక్టరు చీటీలో మిషను ధర చూసి
ఆ కాయితాన్నే పొట్లం చుట్టి
బజ్జీ పెట్టి నా చేతిలో పెట్టాడు.

మరి బజ్జీలు మాడాలి కదా?
మాడలేదు. ఒక్క వాయీ మాడలేదు.

నిన్న రాత్రి జనం పలచబడ్డాక
ఆయన చేతిని చూశాను.
చిల్లుల గరిటె అంచు బజ్జీలకి ఆనించి
కాడని మూడు వేళ్లతో పట్టుకున్నాడు,
నాడి చూసినట్టు.
కళ్లు రోడ్డు మీద ఎక్కడో ఉన్నాయి.
పక్కన నుంచుని నేనూ అదే కాడని తాకాను.
మొదట ఏమీ లేదు, వేడి తప్ప.
తర్వాత సన్నగా, చీమలు పాకినట్టు,
వణుకు.
గరిటె ఎక్కి, వేళ్లెక్కి, మోచేతి దాకా వచ్చింది.
కొంచెం కొంచెం తగ్గి
ఇక ఆగిపోబోతుందనగా
ఇద్దరం ఒకేసారి ఎత్తాం.

‘ఎన్ని ప్లేట్లు?’ అని అరిచాడు మామ.
బండి ముందు ఎవరూ లేరు.
నేను రెండు వేళ్లు చూపించాను.