అరుగు అద్దె

ముందు పుట్టిన ముగ్గురూ నిలవలేదని
మా మామ్మకి పరదేశమ్మ అని పేరు పెట్టారట,
చావు వచ్చి చూసి, ఇది వీళ్ళది కాదులే అని
పక్కింటికి పోతుందని.
ఆ పేరు నిజమవడానికి
పార్వతీపురం నుంచి రాయగడకి
పాసింజరు బండిలో ఒక పూట పట్టింది.

చంకలో మా నాన్న, నెత్తిన ఇడ్లీపాత్ర,
కొంగుముడిలో పదకొండు రూపాయలు.
పేపరుమిల్లుకి వెళ్ళే దారిలో
కుంతలా బిసోయి ఇంటి అరుగు
నెలకి ఏడు రూపాయలు.
అరుగు మాత్రమే. గడప దాటకూడదు.
జల్లు కొడితే గోనెపట్టా కట్టుకోవచ్చు.
బావి నీళ్ళు మాత్రం ఆవిడే తోడి పోసేది,
బిందెకి చేద తగలకుండా, ఎత్తునుంచి.

మామ్మకి అక్షరం రాదు,
అక్కడివీ రావు, ఇక్కడివీ రావు.
అరువు పద్దులన్నీ బొమ్మలే.
మీసం అంటే బాయిలరు అప్పలనర్సయ్య,
గొడుగు అంటే టైమాఫీసు గుమాస్తా,
ఒంటి చెవిపోగు, కొండ మీంచి వెదురు దింపే కుర్రాడు.
ఇడ్లీకో గీత.
డబ్బు ముట్టగానే బొమ్మ మెడ మీద అడ్డంగా ఒక్క కొట్టివేత.
మొదటి పేజీలో ఒక ఇల్లు, పక్కన ఏడు గీతలు.
దాన్ని ఎన్నడూ కొట్టలేదు.

మా నాన్న సన్యాసిరావు.
సన్యాసం పేరులోనే.
బడి మానేసి బల్లలు తుడిచాడు, మెస్సు పెట్టాడు,
మెస్సుని హోటలు చేశాడు,
హోటల్లో అద్దాల గది కట్టించి ఏసీ పెట్టించాడు.
అదే ఇడ్లీ, అదే చట్నీ,
అద్దం దాటితే పద్దెనిమిది రూపాయలు ఎక్కువ.
"చల్లదనానికి తూకం ఉండదమ్మా,
ఎంతంటే అంతే" అని నవ్వేవాడు.

నన్ను ఒడియా బడిలో వేశాడు.
మన అక్షరాలకి తలకట్టు,
వాళ్ళ అక్షరాలకి గొడుగు.
ఆ గొడుగు కిందే పెరిగాను, ఎండ తెలీకుండా.
"తెలెంగా" అనేవాళ్ళు,
డబ్బా మూత తీస్తే మాత్రం చుట్టూ మూగేవాళ్ళు.

బిసోయి కొడుక్కి కొలువు పోయింది.
తరవాత పొలం, తరవాత మనిషి.
బ్యాంకువాళ్ళు ఇల్లు వేలం వేస్తే
పాటలో చివరి గొంతు మా నాన్నది.
రిజిస్ట్రేషను రోజు మిఠాయి పంచాడు.
మామ్మ ముట్టలేదు. సుగరు అంది.
సుగరు ఉన్నమాట నిజమే.

ఇల్లు పడగొట్టి లాడ్జి కట్టాం.
అరుగు రాయి ఒక్కటి తెచ్చి పెరట్లో వేయించుకుంది.
ఆపైన ప్రతి ఒకటో తారీకునా
ఏడు నాణేలు నా చేతిలో పోసి
"గుంటా, అద్దె ఇచ్చీసి రా" అనేది.
"ఇల్లు మనదే కదే మామ్మా."
"ఇల్లు మీ బాబుది. అరుగు నాది కాదు."

బిసోయి కోడలు ఝిలి
స్టేషను వెనక ఒంటిగదిలో ఉంటుంది.
మా లాడ్జి దుప్పట్లు ఉతుకుతుంది.
నాణేలు లెక్కపెట్టేది. ఏడూ.
కొంగున ముడేసుకునేది.
నవ్వేది కాదు. లోపలికి రమ్మనేది కాదు.
గడప ఇవతలే నేను.

అది తీరని రుణమో,
ఎక్కిన మెట్టు మీంచి కిందికి రాల్చిన చిల్లరో
మామ్మని ఎప్పుడూ అడగలేదు.
అడిగితే ఏ బొమ్మ గీసేదో.

ఆవిడ పోయాక కూడా ఒకటో తారీకు వచ్చింది.
"ఇంకెందుకే" అన్నాడు నాన్న, ఫోను లోంచి తలెత్తకుండా.
ఏడు నాణేలు కుదరక
పదిరూపాయల నోటు పట్టుకెళ్ళాను.
సబ్బునురగ చేతులతోనే ఝిలి
దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.
మూడు రూపాయలు తిరిగిస్తుందని నిలబడ్డాను.

"భడా బఢిలాణి" అంది.

అద్దె పెరిగిందట.
ఎప్పటినుంచి అని అడగబోయి
ఏ భాషలో అడగాలో తోచలేదు.

ఇంటికొచ్చి పాత పద్దు తీసి
ఏడు గీతల పక్కన
ఇంకో మూడు గీశాను,
పెన్సిలుతో.